ఎర్రజెండా చాటున సైకిళ్లు

మా శిబిరంలో తుపాకుల కంటే సైకిళ్లకే కాపలా ఎక్కువ. ఈ మాట చెబితే నేనేదో కలిపి చెబుతున్నాననుకుంటారు. కలపాల్సిన అవసరమే లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితేనే ఎవరూ నమ్మడం లేదు.

అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. గన్నవరం దాటాక ఒక కాలేజీ మైదానంలో మాకు సైనిక శిక్షణ. తెల్లవారేసరికి హాజరు కావాలి, సాయంత్రం ఇంటికి పోవచ్చు. ఆ వేళకి మా ఊరి నుంచి బస్సు ఉండదు. అందుకని అమ్మ తన సైకిలు నాకిచ్చింది.

అమ్మ సైకిలంటే ఉత్త సైకిలు కాదు. వెనక క్యారేజీ మీద పెద్ద సత్తు బేసిను, దాన్ని కదలకుండా బిగించిన పాత ట్యూబు ముక్కలు. కొల్లేటి చేపలు అందులో వేసుకుని అమ్మ వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. శిబిరం జరిగినన్నాళ్లూ సెంటర్లో ఒకచోట కూర్చుని అమ్ముకుంటానంది. గుమ్మం ముందుకెళ్లి కేకేస్తే కొనే జనం, సెంటర్లో కూర్చుంటే చూసి కూడా చూడనట్టు పోతారు. ఆ సంగతి నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు.

"బేసిను మాత్రం విప్పమాక. ఆ కట్టు మళ్లీ కుదరదు" అంది. "శనివారం సాయంత్రానికి సైకిలు నా చేతిలో ఉండాలి. ఆదివారం బేరం పోయిందంటే వారమంతా పోయినట్టేనే."

అలా నేనూ, నా వెనకాల చేపల వాసనా కలిసి దేశరక్షణకు బయల్దేరేవాళ్లం.

మాకు శిక్షణ ఇచ్చే హవల్దారు గారు సరిహద్దుల్లో పనిచేసి వచ్చిన మనిషి. మొదటిరోజు మమ్మల్ని ఎండలో నిలబెట్టి అప్రమత్తత గురించి చాలాసేపు మాట్లాడారు. శత్రువు ఎటు నుంచైనా రావచ్చన్నారు. సైనికుడి కన్ను నిద్రలో కూడా తెరిచే ఉండాలన్నారు. ఉపన్యాసం ముగించి వెనక్కి తిరిగేసరికి, గోడకు ఆనించిన ఆయన సైకిలు లేదు.

మేమెవ్వరమూ నవ్వలేదు. నవ్వితే మైదానం చుట్టూ పరిగెత్తించేవారు. నవ్వకపోయినా పరిగెత్తించారు, దొంగ దొరకలేదు కనక.

మర్నాటికల్లా సైకిళ్ల రక్షణకు పెద్ద పథకమే తయారైంది. సైకిళ్లన్నిటినీ ఒకే గొలుసుతో కట్టెయ్యాలి. అంత పొడుగు గొలుసు శిబిరం మొత్తం మీద ఒక్కటే ఉంది. అది తుపాకులది. స్టాండులో నిలబెట్టిన తుపాకుల ట్రిగ్గర్ల పక్కనుంచి దూర్చి తాళం వేసేది. దాన్ని లాగేసి మా సైకిళ్ల చక్రాల్లోంచి దూర్చారు.

"మరి తుపాకులకి ఎట్లాగండీ?" అని మా కాలేజీ లెక్చరరు గారు కాస్త భయంభయంగానే అడిగారు.

"ఎవరెత్తుకుపోతారు సార్ వాటిని? అమ్మితే కొనేవాడేడీ? సైకిలైతే సాయంత్రానికల్లా చేతులు మారిపోద్ది" అన్నారు హవల్దారు గారు. అనుభవం మీద చెబుతున్న మాట కనక ఎవరూ కాదనలేదు. తాళంచెవి మాత్రం ఈలతో పాటు ఆయన మెడలో వేలాడింది.

ఇక సైకిళ్లు ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. మైదానం చివర మేము తుపాకీ కాల్చడం నేర్చుకునే చోటు ఉంది. గురిబల్లల వెనక ఎత్తైన మట్టికట్ట, రెండు పక్కలా ఎర్రజెండాలు. ఎర్రజెండా ఉందంటే అటు మనిషన్నవాడు పోకూడదని అర్థం. పశువుల్ని తోలుకెళ్లే వాళ్లు కూడా చుట్టు తిరిగి పోయేవారు. హవల్దారు గారు దాన్ని చూశారు, ఆలోచించారు. మనిషి రాని చోటికి దొంగ మాత్రం ఎందుకొస్తాడు? సైకిళ్లన్నీ జెండాలు దాటించి, మట్టికట్ట పక్కన తాటాకు పందిరి కిందికి చేర్పించారు.

ఆలోచనలో తప్పేమీ లేదు. దొంగ రాడు. మనుషులు అటు ఎందుకు పోకూడదన్నారో, ఆ సంగతి ఒక్కటే మర్చిపోయారు.

సైకిళ్ల దగ్గర వంతులవారీగా కాపలా. కాపలా వాళ్ల చేతుల్లో చెక్క తుపాకులు, ఎవరైనా వస్తే "థమ్! కౌన్ ఆతా హై?" అని, అంటే ఆగు, ఎవరొస్తున్నారు అని హిందీలో అరవాలి. వచ్చినవాళ్లు ఆనాటి రహస్యపదం చెప్పాలి. మొదటి రహస్యపదం నిమ్మకాయ. అది మధ్యాహ్నానికల్లా టీ తెచ్చే ఆయనకు కూడా తెలిసిపోయింది. పాపం పెద్దాయన, క్యాను మోసుకుంటూ దూరం నుంచే "నిమ్మకాయ, నిమ్మకాయ" అని అరుచుకుంటూ వచ్చేవాడు. కొన్నాళ్లకి మేమే ఆయన్ని అడిగి తెలుసుకునేవాళ్లం, ఇవాళ పదమేమిటి బాబాయ్ అని.

శనివారం నా వంతు వచ్చింది. తుపాకీ కాల్చే పని పొద్దున్నే ముగిసింది. పై అధికారి ఒకాయన జీపులో తనిఖీకి వస్తున్నారని చెప్పి, నన్ను చెక్క తుపాకీ ఇచ్చి పందిరి దగ్గర నిలబెట్టారు. కాసేపు నిలబడ్డాను. ఎవరూ చూడటం లేదని అమ్మ సైకిలు వెనక చక్రం పక్కన ఒక రాయి మీద కూర్చుని, బేసినుకి తల ఆనించాను. సాయంత్రం ఈ సైకిలు అమ్మకి అప్పజెప్పేస్తే గండం గడిచినట్టే అనుకున్నాను. ఇన్నాళ్లలో ఒక్క గీత పడకుండా చూసుకున్నాను మరి.

టీ బాబాయ్ కేక వినిపించింది. ఆ రోజు పదం ఉల్లిపాయ. అధికారి వచ్చి ఉన్నారు కదా, పద్ధతి పాటిద్దామని లేచి, నాలుగడుగులు ముందుకేసి, "థమ్! కౌన్ ఆతా హై?" అని గొంతు చించుకున్నాను. ఆయన నవ్వుతూ ఆగాడు. అప్పుడే టపాసు పేలినట్టు చప్పుడైంది, నా వెనక బేసిను ఖణేల్మంది.

జరిగింది ఇది. మట్టికట్ట ముందు హవల్దారు గారు అధికారికి ఆయుధ భద్రత చూపిస్తున్నారు. తుపాకీ ఖాళీగా ఉందని ఎలా రుజువు చెయ్యాలో ఆయనే మాకు రోజూ వల్లె వేయించేవారు. ముందు గుళ్లుండే మ్యాగజైను తియ్యాలి, తర్వాత బోల్టు లాగాలి, లోపల కన్నుపెట్టి చూడాలి, అప్పుడు మనుషులు లేని వైపు తిప్పి ట్రిగ్గరు నొక్కాలి. సరిగ్గా ఆ సమయంలో అధికారి "ఆ గొలుసేమిటి?" అని అడిగారట. అంతే, హవల్దారు గారికి ఉత్సాహం వచ్చేసింది. సైకిళ్ల రక్షణ పథకం మొత్తం వర్ణించడం మొదలెట్టారు. నోరు సైకిళ్ల మీదుంటే చేతులు ముందు బోల్టు లాగి మూశాయి, పొద్దున కాల్చగా మిగిలిపోయిన గుండు లోపలికి పోయింది. తర్వాత మ్యాగజైను తీశాయి. కన్ను పెట్టి చూడటం ఊసే లేదు. తుపాకీని ఎప్పుడూ తిప్పే పక్కకే తిప్పారు, ఎర్రజెండా వైపు. పథకం ప్రకారం అక్కడ మనుషులు ఉండరు.

అందరూ పరిగెత్తుకొచ్చారు. నేను బేసిను దగ్గర నిలబడి ఉన్నాను. ఇటు ఒక చిల్లు, అటు ఒక చిల్లు. నాకు ఏడుపొచ్చింది. ఐసునీళ్లు కారిపోతాయి, రేపు ఆదివారం, అమ్మ నన్ను చంపేస్తుంది. నా బుర్రలో ఇంకేమీ లేదు.

అధికారి చక్రాలు చూశారు. లెక్చరరు గారు గొలుసు చూశారు. హవల్దారు గారు తాళం లాగి చూశారు.

"సైకిళ్లన్నీ ఉన్నాయి సార్" అన్నారు.

అధికారి తల ఊపారు. అందరికీ ఊపిరొచ్చింది. టీ బాబాయ్ తెచ్చిన టీ తాగారు. వెళ్లేముందు లెక్చరరు గారు నన్ను పక్కకి పిలిచి, "ఇంట్లో మేకు గుచ్చుకుందని చెప్పమ్మా. అనవసరంగా కంగారు పడతారు" అన్నారు. ఎంత దయగల మనిషో.

దారి పొడుగునా ఆ అబద్ధం సాధన చేసుకుంటూ తొక్కాను. ఇంటికెళ్లి సైకిలు స్టాండు వేశాను. అమ్మ చెయ్యి నేరుగా బేసిను మీదికే పోయింది. ఇటు చిల్లులో వేలు పెట్టింది, అటు చిల్లు చూసింది. మేకు అన్నాను.

"మేకు రెండు వైపులా గుచ్చుకుందా?"

నేను సాధన చేసిన అబద్ధంలో రెండో చిల్లు లేదు. మొత్తం చెప్పేశాను. తిడుతుందని చూస్తున్నాను. అమ్మ తిట్టలేదు. చెయ్యి ఇంకా బేసిను మీదే ఉంది.

"నువ్వెక్కడున్నావే అప్పుడు?" అంది.

పొద్దుట్నుంచీ ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు లేరు. నన్ను నేను కూడా అడుక్కోలేదు. అక్కడే అన్నాను. అక్కడంటే ఎక్కడ అంది. చూపించు అంది. టీ బాబాయ్ కేకకి లేచేదాకా ఇదిగో ఇలా అని, నేను సైకిలు పక్కన కూర్చుని, బేసినుకి తల ఆనించి చూపించాను. చిల్లు నా చెవి పక్కన ఉంది. అప్పుడు వచ్చింది నాకు భయం.

మర్నాడు ఆదివారం. అమ్మ చేపలకి పోలేదు. ఆదివారం అమ్మ బేరం మానడం నేను పుట్టాక అదే మొదటిసారి. ఖాళీ బేసినుతో సైకిలు నడిపించుకుంటూ, నన్ను పక్కన పెట్టుకుని శిబిరానికి వచ్చింది. ఆ రోజు ముగింపు సభ. పందిరి దగ్గర నా స్నేహితురాలు కాపలా ఉంది. "థమ్! కౌన్ ఆతా హై?" అంది అలవాటు కొద్దీ.

"నేనేనమ్మా" అని అమ్మ ఆగకుండా నడిచింది.

హవల్దారు గారు ఎదురొచ్చారు. రాత్రంతా నిద్ర లేనట్టుంది ముఖం. అయినా నోరు పాత దారినే పోయింది. "సైకిలుకేం కాలేదు కదమ్మా? బేసిను నేను అతికించి ఇప్పిస్తాను."

అమ్మ స్టాండు వేసింది. నా భుజం పట్టుకుని బేసిను పక్కన కూర్చోబెట్టింది, ఇంట్లో నేను చూపించినట్టే. నా తల మీద చెయ్యి పెట్టి ఆయన వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"మీ సైకిలు పోయిందని ఇంత కాపలా పెట్టారు కదండీ. నా పిల్ల పోయుంటే ఏం పెట్టేవోరండీ?"

ఆయన చిల్లు వైపు చూశారు, నా తల వైపు చూశారు. మెడలోంచి తాళంచెవి తీసి, సైకిళ్ల మధ్య మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో చక్రంలోంచి గొలుసు లాగారు. మేము సాయం వెళ్లబోతే వద్దని చెయ్యి ఊపారు. ఆ గొలుసు భుజాన వేసుకుని తుపాకుల గదిలోకి వెళ్లారు. లోపల తాళం పడ్డ చప్పుడు బయటికి వినిపించింది.

అది విన్నాకే అమ్మ నా తల మీది చెయ్యి తీసింది.