ముప్పై సెకన్ల ఊపిరి

ప్రేమమణి ఉద్యోగం వినడం. సికింద్రాబాద్‌లో ఓ ఆసుపత్రి రెండో అంతస్తు చివరి గదిలో, పదహారేళ్లుగా ఆమె మనుషుల తలల్లో పారే నెత్తురు చప్పుడు వింటోంది. కణతకు జెల్ రాసి, పెన్నంత ప్రోబ్ ఆనించి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతుంటే మిషన్‌లోంచి హుష్, హుష్‌మని వినబడుతుంది. తెర మీద గీత అలలుగా లేస్తుంది. అప్పుడామె ముప్పై సెకన్లు ఊపిరి బిగబట్టమంటుంది. ఊపిరి ఆగితే ఆరోగ్యంగా ఉన్న మెదడులోని సన్నటి రక్తనాళాలు విచ్చుకుంటాయి, నెత్తురు జోరు పెరుగుతుంది, గీత పైకి లేస్తుంది. జబ్బుపడిన నాళాలు అలా విచ్చుకోలేవు. ఆ తేడా ఎంతో కొలవడమే పరీక్ష.

ఆ మిషన్ వచ్చిన కొత్తలో ఆమె కింద రిసెప్షన్‌లో ఉండేది. నేర్చుకుంటామని ముగ్గురు ముందుకొస్తే నెల తిరక్కుండా ఇద్దరు విసిగి వదిలేశారు. కణత ఎముక పలచగా ఉండే చోటు పట్టుకోవాలంటే చేతికంటే చెవికి ఓపిక కావాలి. చిన్నప్పటినుంచీ చర్చి క్వయర్‌లో పక్కవాళ్ల గొంతు వింటూ తన గొంతు సర్దుకున్న ప్రేమమణికి ఆ ఓపిక ఉంది.

నిరుడు డాక్టర్ కల్పలత ఒక అధ్యయనం మొదలుపెట్టింది. పక్షవాతం వచ్చినవాళ్ల కొలతలు కావలసినన్ని ఉన్నాయి. వాటితో పోల్చడానికి యాభై దాటిన ఆరోగ్యవంతులు నలభై మంది కావాలి. ఒంట్లో బాగున్నవాళ్లు ఆసుపత్రికి ఎందుకొస్తారు? రెండు నెలల్లో ఇద్దరే వచ్చారు. మిగతావాళ్లను తాను పట్టుకొస్తానని ప్రేమమణి మాటిచ్చింది.

మొదట మల్కాజ్‌గిరిలో తన ఎదురింటి భద్రయ్యను, ఆయన భార్య పుష్పమ్మను తీసుకొచ్చింది. భద్రయ్య రైల్వేలో రిటైరైన మనిషి. ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా నవ్వొచ్చి, నాలుగోసారికి గాని కుదుటపడలేదు. పుష్పమ్మకైతే ఇరవై నిమిషాలు వెతికినా చప్పుడే దొరకలేదు. వయసు పైబడిన కొందరు ఆడవాళ్లకు కణత ఎముక మందమవుతుందని, అందులోంచి మిషన్ పంపే ధ్వని లోపలికి పోదని, అది జబ్బేమీ కాదని ప్రేమమణి సర్దిచెప్పింది. మూల కుర్చీలోంచి భద్రయ్య నింపాదిగా అన్నాడు.

"గా ముచ్చట నాకు నలభై ఏండ్ల సంది ఎరుకే బిడ్డా. ఏం చెప్పినా లోపలికి పోదు."

అందరికంటే ఎక్కువ నవ్వింది పుష్పమ్మే. ఇంటికెళ్లి ఈ మాట గల్లీ అంతా చెప్పింది. ఆ వారంలో ఆ గల్లీ నుంచే ఏడుగురు వచ్చారు.

తరువాత ప్రేమమణి క్వయర్‌లో అడిగింది. తానే ముందు వస్తానన్నాడు నతానియేల్ మాస్టారు. మారేడ్‌పల్లిలో ఉంటాడు, అరవై ఎనిమిదేళ్లు, బడిపంతులుగా రిటైరయ్యాడు, ఇరవై మూడేళ్లుగా క్వయర్‌ను నడిపిస్తున్నాడు. పాడేవాళ్ల ఊపిరితిత్తులకు పరీక్షేమిటన్నట్టు వచ్చి పడుకున్నాడు. పడుకుని, పాట ఎత్తుకునేటప్పటిలా గుండెల నిండా గాలి పీల్చాడు. అలా పీలిస్తే కొలత చెడిపోతుంది, మామూలు ఊపిరి మీదే ఆపాలి. చరణం మధ్యలో ఊపిరి తీసిందని తనను ఎన్నోసార్లు కసిరిన మనిషికి ఊపిరి ఎలా తియ్యాలో చెప్పడం ప్రేమమణికి లోలోపల సరదాగానే అనిపించింది.

మాస్టారు ముప్పై సెకన్లూ అలవోకగా బిగబట్టాడు. కుడివైపు గీత చక్కగా లేచింది. ఎడమవైపు గీత లేవలేదు. తన చెయ్యి జరిగిందేమోనని ఆమె మళ్లీ చూసింది. మూడోసారీ అంతే. సరదా అంతా ఎగిరిపోయింది.

ఫలితం చెప్పే పని ఆమెది కాదు. కానీ ఆమె మొహం చూసి మాస్టారు అడిగాడు.

"ఏమ్మా, శ్రుతి తప్పిందా?"

"ఒక దిక్కు జెర నిదానంగుంది మాస్టారూ. మేడం ఒకసారి చూస్తరు."

కల్పలత వచ్చి, ఈ మధ్య చెయ్యి గాని కాలు గాని తిమ్మిరెక్కిందా, మాట తడబడిందా అని అడిగింది. అలాంటిదేమీ లేదన్నాడాయన. ప్రేమమణికి మాత్రం పోయిన నెల ప్రాక్టీసు కళ్లముందు కదిలింది. తాళం వేస్తున్న ఆయన కుడిచెయ్యి హఠాత్తుగా వాలిపోయింది, పాటల పుస్తకం కింద పడింది. అయిదు నిమిషాల్లో సర్దుకుని, రాత్రి చెయ్యి కిందేసుకుని పడుకున్నానని ఆయన తేల్చేశాడు. పెద్దాయన మాట కాదనడానికి ఆమె కాస్త తటపటాయించింది. ఆ పైన ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అదే రోజు మెడ స్కాన్ తీశారు. మెదడుకు నెత్తురు తీసుకెళ్లే ఎడమ ధమని ముప్పాతిక వంతు మూసుకుపోయింది. ఆ కొరత పూడ్చడానికి పైనున్న చిన్న నాళాలు ముందే విచ్చుకోగలిగినంత విచ్చుకున్నాయని, అందుకే ఊపిరి ఆపినా గీత లేవలేదని కల్పలత వివరించింది. చెయ్యి వాలిపోవడం పెద్ద స్ట్రోక్‌కు ముందు వచ్చిన హెచ్చరికట. ఆ వారంలోనే ఆపరేషన్ చేసి పూడిక తీసేశారు.

గుడ్ ఫ్రైడేకి మూడు వారాలే ఉంది. మాస్టారు క్వయర్‌ను అందులోనే పాడే ఆలిస్‌కు అప్పగించాడే గాని, మంచం మీంచి ఫోన్లో ప్రాక్టీసు వింటూ టెనర్లు, అంటే పైస్థాయిలో పాడే మగవాళ్లు, సాగదీస్తున్నారని రోజూ కబురు పంపాడు. మీరూ చూపించుకోండన్న ఆయన పోరు పడలేక కొందరు, ఆయనకొచ్చింది తమకూ వస్తుందేమోనన్న భయంతో కొందరు, క్వయర్‌లో యాభై దాటిన తొమ్మిదిమందీ వచ్చి పరీక్ష చేయించుకున్నారు. అందరూ బాగానే ఉన్నారు.

మూడు నెలలకు మాస్టారు మళ్లీ ఆ బల్ల మీద పడుకున్నాడు. ఈసారి చెప్పకముందే మామూలుగా ఊపిరి తీసి ఆపాడు. పదో సెకనుకు ఎడమవైపు గీత కదిలింది. ఇరవయ్యో సెకనుకు కుడివైపు గీతను అందుకోబోయేంత పైకి లేచింది. ఊపిరి వదలమని చెప్పడం మరిచి ప్రేమమణి తెరకేసే చూస్తుండిపోయింది. ముప్పై అయిదు దాటాక మాస్టారే వదిలేసి, ఇక తనను ఆరోగ్యవంతుల జాబితాలో రాసుకోమన్నాడు. అది కుదరదంది కల్పలత. ఆయన పెద్ద మనసు చేసుకుని వదిలేశాడు.

దసరా నాటికి నలభై మందీ పూర్తయ్యారు. ఆ కొలతలతో రాసి డాక్టర్ల సభలో పెట్టిన వ్యాసంలో, రాసినవాళ్ల వరసలో మూడో పేరుగా కల్పలత ప్రేమమణి పేరు వేసింది. కూతురు షెకీనా ఆ సాయంత్రం దాన్ని ఫోన్లో పెద్దది చేసి చూసుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"మమ్మీ, డాక్టర్ల నడుమ నీ పేరుంది."

పోపు మాడకుండా మంట తగ్గిస్తూ, స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో చూడమంది ప్రేమమణి. సరిగ్గానే ఉంది.