జాలిపడి ఆపేశారు

పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలిందనీ, దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారనీ నాకు నాలుగేళ్లప్పుడు విజయవాడ డాక్టరుగారు తేల్చారు. నా కాళ్లు కత్తెరలా పెనవేసుకునేవి. మడమలు నేలకు ఆనేవి కావు. ఆయన అమ్మకు ఎక్సర్‌సైజులు నేర్పి, "ఇంట్లో మీరే చేయించాలమ్మా. మానారో, కాళ్లు బిగుసుకుపోతాయి" అన్నారు.

వంట ముగించుకుని అమ్మ మధ్యగదిలో చాప వేసేది. ఒక చేత్తో నా మోకాలు అదిమిపట్టి, రెండో చేత్తో పాదాన్ని పైకి నెట్టేది. పిక్క చీలిపోతున్నట్టుండేది. ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదాన్ని. అమ్మ కూడా ఏడ్చేది గానీ చెయ్యి తీసేది కాదు. ఏడాది తిరిగేసరికి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. గచ్చు చల్లగా ఉందని అమ్మతో చెప్పాను.

నాన్నది మామిడి వ్యాపారం. ఆ వేసవిలో కాయ బాగా దిగింది. రెడ్డిగూడెం తోటల నుంచి వచ్చిన రసాలను మా వసారాలోనే పెట్టెలకెత్తేవారు. బేరానికొచ్చిన షావుకారొకాయన నా ఏడుపు విని, "లోపల పిల్లనెవరో కొడుతున్నట్టున్నారండీ" అన్నాడు. నాన్నకు తల కొట్టేసినట్టయింది.

నానమ్మ వచ్చి నన్ను అమ్మ చేతుల్లోంచి లాక్కుంది.

"కన్నతల్లివేనా నువ్వు? పసిదాన్ని ఇలా హింస పెడతావేంటే?"

"ఆపితే మొదటికొస్తుందండీ, అత్తయ్యగారూ."

"సీజనయ్యాక చూసుకోవచ్చులే" అన్నారు నాన్న గుమ్మంలోంచే.

ఆ తర్వాత అందరూ నన్ను ముద్దుచేశారు. కాలు కింద పెట్టనివ్వకుండా ఎత్తుకు తిప్పారు. అమ్మ ఒకసారి తలుపు గడియపెట్టి మొదలుపెట్టింది. నానమ్మ బయటినుంచి తలుపు బాదుతూ శాపనార్థాలు పెడుతుంటే ఆపేసింది.

వానలు పడ్డాక మళ్లీ చాప వేసింది. నా మోకాళ్లు తిన్నగా సాగలేదు. డాక్టరుగారు అమ్మనే కేకలేశారు. "చెప్పాను కదమ్మా, మానొద్దని!" అమ్మ ఎవరి మీదా చెప్పలేదు. ఇక ఆపరేషనే దారి అన్నారాయన. "పసిపిల్లను కోయిస్తారా?" అంది నానమ్మ. ఆ మాటా అక్కడితో ఆగిపోయింది.

నేను మళ్లీ నిలబడలేదు.

పోయేముందు నానమ్మ నా చెయ్యి పట్టుకుని, "నిన్నొక్కనాడూ ఏడవనివ్వలేదమ్మా" అంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆవిడ ప్రేమకు కళ్లొత్తుకున్నారు. నేను చెయ్యి విడిపించుకున్నాను. ఎందుకో ఆవిడకు అర్థం కాలేదు. అమ్మ నా చక్రాల కుర్చీని వసారాలోకి తోసుకొచ్చింది.