ఖాయ్ ఎప్పుడు పోయినట్టు?

లుయెన్‌తో బేరమాడి గెలిచినవాడు బెన్ చె సంతలో ఇంకా పుట్టలేదు. నూడుల్స్ గిన్నె పట్టుకుని అరిచిందంటే రేవు దాకా వినపడేది. కానీ మొగుడి పెద్దనాన్న థువాన్ ముందు మాత్రం ఆ నోరు పెగిలేది కాదు. ఉమ్మడి ఇంటికి ఆయనే పెద్ద. లుయెన్ నూడుల్స్ కొట్టు పక్క దుకాణం నాది. ఆయన ముందు ఆమె అలా అణిగిపోవడం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఆమె మొగుడు ఖాయ్ కొబ్బరికాయల పడవ మీంచి జారి రేవు రాళ్ళ మీద పడ్డాడు. తల పగిలింది. ఆసుపత్రికి వాళ్ళతోపాటు నేనూ వెళ్ళాను.

"ఇది కోమా కాదమ్మా," అంది ఆసుపత్రి డాక్టరమ్మ. "మెదడు మొత్తం చచ్చిపోయింది, ఇక తేరుకోదు. యంత్రం ఆపి చూశాం, తనంతట తను ఒక్క ఊపిరి తీసుకోలేదు. మనం గాలి ఇస్తున్నాం కాబట్టే గుండె ఆడుతోంది. మనిషి పోయాడు."

తర్వాత అవయవాల సంగతి అడిగింది. తను పోతే ఇచ్చేయమని ఖాయ్ ఎన్నోసార్లు అన్నవాడే. లుయెన్ తలూపబోయింది.

థువాన్ లేచాడు. "గుండె కొట్టుకుంటుంటే శవమంటారా? బతికున్నవాణ్ణి కోస్తారా, కసాయోళ్ళు! మావాణ్ణి ఇంటికి తీసుకుపోతాం."

కొనఊపిరి ఇంట్లోనే విడవాలి, బయట పోయినవాడి శవం గడప దాటకూడదు అన్నది మాకు తాతలనాటి కట్టు. మొగుడికి ఆ గౌరవమైనా దక్కుతుందని లుయెన్ ఊరుకుంది. వ్యానులో ఖాయ్ నోట్లోని గొట్టానికి రబ్బరు తిత్తి తగిలించారు. ఆమె కాసేపు, నేను కాసేపు నొక్కుతూ గాలి కొడుతూ వచ్చాం.

థువాన్ ముందే చేరి గేటు మూయించాడు. "డాక్టర్లు పోయాడని చెప్పేశారుగా. రోడ్డు పక్కన పందిరి వేయిస్తున్నా. ఇంట్లోకి వద్దు, అరిష్టం."

నిజం చెప్తున్నా, డాక్టరమ్మ మాట నాకూ పూర్తిగా మింగుడుపడలేదు. చేతికి వెచ్చగా తగిలే మనిషిని పోయాడనుకోవడం మాటలా? భయపడితే తప్పు లేదు. కానీ ఆ భయాన్ని తనకు కావలసినట్టల్లా తిప్పుకుని ఆడదాని నోరు నొక్కడం ఏం పెద్దరికం?

"పెదమావయ్యా," అంది లుయెన్, "పొద్దున బతికున్నాడన్నావు. ఇప్పుడు చచ్చాడంటున్నావు. దారిలో ఏం మారింది? ఒకళ్ళకి ఇవ్వాల్సొస్తే బతికున్నాడు, నువ్వు చోటివ్వాల్సొస్తే చచ్చాడా?"

"నోరు లేస్తోందే!"

"లేస్తోంది. ఇన్నాళ్ళూ లేవకపోవడమే నా ఖర్మ." డ్రైవరు వైపు తిరిగింది. "బండి తిప్పన్నా. ఆసుపత్రికి పోదాం. మా ఆయన ఏం చెయ్యమన్నాడో నాకు తెలుసు."

అప్పుడు తెరిచాడు గేటు, ఆ మహానుభావుడు. "లోపలికే తీసుకురా తల్లీ" అంటూ వ్యాను వెంట పరుగెత్తాడు. లుయెన్ తిత్తి నొక్కుతూనే ఉంది, వెనక్కి తిరిగి చూడలేదు.