నాంచారమ్మ గారికి చెప్పిన నిజం

మా విభాగంలో కొత్తగా చేరిన నర్సు మొన్న మధ్యాహ్నం క్యారేజీ మూత తీయగానే, ఎండురొయ్యలు వేసి వండిన గోంగూర వాసన గది నిండా పరుచుకుంది. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని ఆమె కిటికీ తెరవబోతే వద్దన్నాను. నాకు నాంచారమ్మ గారు గుర్తొచ్చారు. గుండె వైద్యం నేర్పిన గురువులు నాకు చాలామంది ఉన్నారు. రోగితో ఎలా మాట్లాడాలో నేర్పింది మాత్రం పామర్రు మార్కెట్లో చేపలమ్మే ఆ మనిషి.

ఆమెది బందరు అవతల, సముద్రం పక్కన ఊరు. భర్త పోయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే తట్టలతో పామర్రు చేరి, మధ్యాహ్నానికి సరుకంతా అమ్ముకుని వెళ్ళేవారు. ఛాతీనొప్పితో విజయవాడలో మా ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆమెకు అరవైకి రెండేళ్ళు తక్కువ. నేను సొంతంగా కేసులు చేయడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళం ఒకటి పూడుకుపోతే లోపల చిన్న బెలూన్‌ను ఉబ్బించి దాన్ని తెరిచి, మళ్ళీ ముడుచుకోకుండా లోపల జల్లెడలాంటి సన్నని లోహపు గొట్టం, అంటే స్టెంట్, అమర్చాను. ఇంటికి పంపేటప్పుడు, మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని గట్టిగా చెప్పాను. ఇక భయం లేదు కదా అని ఆమె అడిగితే లేదన్నాను. స్టెంట్ లోపల నాళం మళ్ళీ సన్నబడే అవకాశం కొద్దిగా ఉంటుందన్న మాట చెప్పలేదు. బయట ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు, అంతే కారణం.

రెండేళ్ళ తర్వాత ఆమె కోడలు లక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చారు. తట్ట ఎత్తుకుని పది అడుగులు వేస్తే గుండె పట్టేస్తోందట. యాంజియోగ్రామ్ తీస్తే, సరిగ్గా నేను వేసిన స్టెంట్ లోపలే నాళం సన్నబడి కనిపించింది. వార్డులో నలుగురూ వింటుండగా నేనడిగిన మొదటి మాట, మాత్రలు ఎప్పుడు మానేశారని. మానలేదన్నారామె. నేను నమ్మలేదు. కాస్త ఒంట్లో బాగుండగానే వీళ్ళు మానేస్తారని పక్కనున్న జూనియర్‌తో ఇంగ్లీషులో అన్నాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ బేరమాడే వాళ్ళ ముఖాలు ఏళ్ళ తరబడి చూసిన మనిషి. నా వంక ఒకసారి చూసి గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు పొద్దున నేను వార్డుకు వెళ్ళేసరికి ఆమె మంచం మీద ఒక గుడ్డసంచి ఉంది. లక్ష్మి ఊరెళ్ళి తెచ్చిందట. నాంచారమ్మ గారు దాన్ని దుప్పటి మీద బోర్లించారు. రెండేళ్ళుగా వాడిన మాత్రల ఖాళీ షీట్లు, ఏ నెలవి ఆ నెలకు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి.

"తప్పు నాదేనని ముందే ఎట్టా అనుకున్నారు డాక్టరమ్మా?" అన్నారు. గొంతులో కోపం లేదు. "చేప పాడైతే మేం ముందు మా పెట్టెలో ఐసు సరిపోయిందా అని చూసుకుంటాం. కొనుక్కున్నోళ్ళ మీద పడం."

నేను నా గదికి వచ్చేశాను. రెండేళ్ళ క్రితం ఆమెకు చేసిన ప్రొసీజర్ వీడియో తెప్పించుకుని చూశాను. మూడోసారి చూస్తున్నప్పుడు కనబడింది. స్టెంట్ మధ్యలో ఒకచోట నడుం బిగించినట్టు సన్నగా ఉంది, పూర్తిగా విచ్చుకోలేదు. ఆ రోజు ఇంకో బెలూన్‌తో గట్టిగా తెరిచి ఉండాల్సింది. ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగరు కూడా. కానీ ఆ షీట్ల ముందు మళ్ళీ నిలబడాలి కదా.

తిరిగి వెళ్ళి, స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"మాత్రల వల్ల కాదండీ. అప్పుడు నేను వేసిన స్టెంట్ ఒకచోట సరిగ్గా తెరుచుకోలేదు. చూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు. నిన్న మిమ్మల్ని అలా అనడం కూడా తప్పే."

లక్ష్మి ముఖం ఎర్రబడింది. వేరే ఆసుపత్రికి పోదాం పద అత్తా అంటూ షీట్లు సంచిలో వేయడం మొదలుపెట్టింది. నాంచారమ్మ గారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేదా?"

"తెలిసేది కాదండీ."

ఆమె లక్ష్మి చేతిలోంచి సంచి తీసుకుని పక్కన పెట్టారు. తర్వాత, "అయితే ఈసారీ మీరే చెయ్యండి. చూసుకుని చెయ్యండి," అన్నారు.

లోపల ఇంకో ఇనప ముక్క పెడతారా అని అడిగారు. అక్కర్లేదని చెప్పాను. ముందు గట్టి బెలూన్‌తో బిగుసుకున్న చోటు తెరుస్తాం, ఆ తర్వాత మందు పూసిన బెలూన్‌ను అక్కడే ఉబ్బించి ఒక నిమిషం పాటు ఉంచుతాం, మందు నాళం గోడకు అంటుకుని స్టెంట్ లోపలికి కండ మళ్ళీ పెరక్కుండా ఆపుతుంది, బెలూన్ బయటకు వచ్చేస్తుంది అన్నాను. ఇక ఎప్పటికీ పూడదని మాటిస్తారా అంటే, ఇవ్వలేనన్నాను. అవకాశం బాగా తగ్గుతుంది, అంతవరకే చెప్పగలను అన్నాను. ఆమె తలూపి సంతకం పెట్టారు.

ఆ రోజు నేను ఏ తొందరా పడలేదు. బిగుసుకున్న చోటు పూర్తిగా విచ్చుకుందని రెండు వైపుల నుంచీ చూసుకున్నాకే మందు బెలూన్ లోపలికి పంపాను. అది ఉబ్బినంతసేపూ రక్తం ఆగుతుంది, నొప్పి వస్తుంది. ఆ మాట ముందే చెప్పాను. ఆమె పళ్ళు బిగించి, ఇంకెంతసేపని ఒక్కసారి అడిగారు. సగం అయిందన్నాను. బెలూన్ దించగానే, నాళంలోకి పంపిన రంగుమందు నిండుగా, నల్లటి గీతలా తెర మీద పారింది. తానూ చూస్తానన్నారామె. తెర ఆమెవైపు తిప్పాం.

"ఇంత సన్నదా?" అన్నారు ఆశ్చర్యంగా. "దీన్ని నమ్ముకునా నేను ఇన్నేళ్ళు తట్టలు మోసింది."

గదిలో అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వారు.

అది జరిగి చాలా ఏళ్ళయింది. ఆ నాళం ఇప్పటికీ బాగానే ఉంది. తట్టలు మోయడం మానేసి ఆమె ఇప్పుడు మార్కెట్లో కూర్చుని బేరాలు మాత్రం చూసుకుంటున్నారు, మోత పనంతా లక్ష్మిది. అప్పుడు నన్ను కోపంగా చూసిన లక్ష్మే, తెలిసినవాళ్ళెవరికైనా ఛాతీలో నొప్పంటే నా దగ్గరికి పంపిస్తుంది.

పోయిన వారం కంకిపాడు నుంచి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు. వేరేచోట వేయించుకున్న స్టెంట్‌లో నాళం సన్నబడింది. మాత్రలు సరిగ్గా మింగి ఉండడని భార్య అతన్ని నా ముందే కోప్పడుతుంటే, అతను తలవంచుకుని కూర్చున్నాడు. ఆగమ్మా అన్నాను. ముందు ఆ స్టెంట్ సరిగ్గా విచ్చుకుందో లేదో చూద్దాం, అప్పటిదాకా ఎవరి తప్పో మనకు తెలియదు అన్నాను.

అతను తలెత్తి, మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.