నీలగిరి ఆకులు కడిగిన నీళ్లు

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా బిడ్డ రాసింది.

అది స్వైన్‌ఫ్లూ వచ్చిన ఏడు. మా ఆయన బొగ్గుబాయిలో పోయాక, గోదావరిఖనిలో ఒక కాలేజీ ల్యాబులో ఆయాగా చేరాను. ఆ జ్వరం మందుకు ముడిసరుకు అనాసపువ్వు నుంచి తీస్తారట. అది ధర పెరిగి పిరమైపోయిందని మా కెమిస్ట్రీ సారు నీలగిరి ఆకుల్లోంచి తీయాలని చూస్తున్నాడు. ఆకులను రోజుల తరబడి స్పిరిట్‌లో నానబెట్టేవాడు. అంతకుముందు వాటిని తుంచి మా ఇంటి మిద్దె మీద ఎండబెట్టడం నా పని.

మా దగ్గర ఆరేసిన ప్రతిదాని మీదా బొగ్గు దుమ్ము పడుతుంది. ఒకసారి ఆకులు మరీ నల్లబడ్డాయని వేడినీళ్లలో నానబెట్టి కడిగి, మళ్లీ ఆరబెట్టి ఇచ్చాను.

పరీక్ష చేసి సారు తల పట్టుకున్నాడు. "అక్కా, ఆకుల్ల ఏం లేదు. ఏం జేసినవ్?"

చెప్పాను. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"కడిగిన నీళ్లేవి?"

"సగం మోకాళ్ల నొప్పులకని పోసుకున్న సారూ. సగం బకెట్ల ఉన్నయ్."

సారు నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. వెంటనే మా ఇంటికి తీసుకుపోయి, నన్ను మళ్లీ స్కూటర్ ఎక్కించి బకెట్ నా ఒళ్లో పెట్టాడు. కాలనీ అంతా చూసింది.

"నల్లా రాలేదా అక్కా, కాలేజీకి నీళ్లు మోస్తున్నవ్?" అంది పక్కింటి రాజవ్వ.

సాయంత్రం సారు వచ్చి, "సరుకంత నీళ్లల్లకే దిగిందక్కా. ఇగ స్పిరిట్ అక్కర్లే, వారం పని పూటల అయితది" అన్నాడు.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు ఏం కడిగినా, అడగనిదే ఆ నీళ్లు పారబోయను. మోకాళ్ల నొప్పులు మాత్రం అట్లాగే ఉన్నాయి.