ఇది కాక?

మా తోడల్లుడికి ఒకటే జబ్బు. ఎవరు ఏం చెప్పినా, చెప్పింది సగమేనని అతని నమ్మకం. "ఇది కాక?" అంటాడు. మిగతా సగం రాబట్టేదాకా అక్కణ్ణుంచి కదలడు.

ఫ్యాన్ల దుకాణంలో ధర చెబితే, "ఇది కాక? రెక్కలు అందులోనే ఉన్నాయా, విడిగానా?" అని అడిగాడు. డాక్టరుగారు "మీకు రక్తపోటు ఉందండీ" అంటే కూడా, "ఇది కాక?" అన్నాడు. పాపం ఆయన కంగారుపడి ఇంకో నాలుగు పరీక్షలు రాసిచ్చారు. అవన్నీ చేయించుకుని, ఏమీ లేదని తేలాక, "చూశారా అన్నయ్యా, అడిగితేగానీ తెలియలేదు" అని నాకే చెప్పాడు.

వృత్తికి దర్జీ. కొట్టు గోడకి ఒక అట్ట తగిలించాడు: 'కుట్టుకూలి ఇంత. దారం, గుండీలు, కాజాలు అన్నీ ఇందులోనే. ఇది కాక ఏమీ లేదు.' ఆ అట్ట చదివి కూడా బేరమాడినవాళ్ళని అతను మనుషుల్లో లెక్కవెయ్యడు.

నా సంగతి వేరు. ఒకే గదిలో అయిదు తరగతులు నడిచే పల్లెటూరి బడిలో చదివి, ధాన్యం గిడ్డంగికి సూపరింటెండెంటునయ్యాను. ముప్ఫై రెండేళ్ళలో ఒక్క బస్తా తేడా రాలేదు. మూడు ప్రశంసాపత్రాలు ముందుగదిలో వేలాడుతున్నాయి. అలాంటివాణ్ణి ఈ మనిషి పక్కన నిలబడితే జనం నన్నూ అదోలా చూసేవారు.

మా మనవరాలికి పెద్ద కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. 'మీకు డెబ్బై శాతం ఆర్థిక సహాయం మంజూరు చేయడమైనది' అని బంగారు రంగు అక్షరాలు. సాయంత్రానికల్లా వీధి మొత్తానికి చదివి వినిపించాను. కరెంటు మీటరు చూడటానికి వచ్చినతన్ని కూడా కూర్చోబెట్టి వినిపించాను. పక్క ఊరి చిన్న కాలేజీ నుంచి కూడా ఒక ఉత్తరం వచ్చింది గానీ, నలభై శాతమే. కాగితం కూడా పల్చన. దాన్ని ఎవరికీ చూపించలేదు.

మా అబ్బాయి సరుకుల వ్యాను నడుపుతాడు. మిగిలిన ముప్ఫై శాతం కోసం ఆ వ్యాను అమ్మేస్తానన్నాడు. "అమ్మెయ్యరా, పిల్ల ఇంజినీరయ్యాక రెండు కొంటుంది" అని నేనే ధైర్యం చెప్పాను. కొనేవాడు బయానా ఇవ్వడానికి ఆదివారం వస్తానన్నాడు.

శుక్రవారం పొద్దున్నే మా తోడల్లుడు తయారు.

"ఫీజు కట్టేముందు ఒకసారి కనుక్కుందాం పదండి అన్నయ్యా."

"అంతా ఉత్తరంలో ఉందయ్యా. నీకు చదవడం రాకపోతే నేను చదువుతా."

"ఉత్తరం బాగానే ఉంది. ఇది కాక?"

పరువు పోతుందని తెలిసే వెళ్ళాను. మనవరాలు కూడా వచ్చింది. పెద్ద కాలేజీలో ఫీజు కట్టే కిటికీ ముందు ఇరవై మంది వరసలో ఉన్నారు. మా వంతు రాగానే ఇతను గొంతు పెంచాడు. కొట్టులో కుట్టుమిషను చప్పుడు మీద అరిచి అలవాటు.

"రెండు లక్షల్లో డెబ్బై శాతం పోతే మీరు కట్టేది అరవై వేలండి," అన్నాడు గుమాస్తా.

"ఇది కాక?"

"ప్రయోగశాల పదిహేను వేలు."

"ఇది కాక?"

"హాస్టలు డెబ్బై. అభివృద్ధి రుసుము ఇరవై."

"ఎవరి అభివృద్ధండీ?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల తీసేసినట్టయింది. "ఊరుకోవయ్యా," అని చొక్కా పట్టి లాగాను. చొక్కా గట్టిగా కుట్టుకున్నాడు, మనిషి కదల్లేదు.

"ఆ డెబ్బై శాతం మీరు ఊరికే ఇస్తారా?"

గుమాస్తా గొంతు తగ్గించాడు. "ముప్ఫై శాతం ఊరికేనండి. నలభై శాతం బ్యాంకు అప్పు."

"కాస్త గట్టిగా చెప్పండి బాబూ, వయసు మీదపడింది, వినబడటంలేదు."

"నలభై శాతం అప్పండీ!"

"తిరిగి కట్టేదాన్ని సహాయం అంటారా? అలాగైతే మా వీధి వడ్డీవ్యాపారి కూడా దాతే. సరే, ఆ ముప్ఫై శాతమైనా నాలుగేళ్ళూ ఇస్తారా?"

"మొదటి ఏడాదికే. తర్వాత ప్రతి ఏడూ ఎనభై అయిదు శాతం మార్కులు రావాలి."

"కిందటేడు ఎంతమందికి వచ్చాయి?"

"నూట ఇరవైలో పద్దెనిమిది," అని గుమాస్తా కలం విసిరికొట్టాడు. "నిన్న గంటసేపు కూర్చుని ఇవన్నీ నాచేత చెప్పించుకుని రాసుకెళ్ళారు కదండీ! మళ్ళీ మొదట్నించీ ఏమిటిది?"

నేను మా తోడల్లుణ్ణి పక్కకి లాక్కొచ్చాను. "నిన్ననే తెలిస్తే ఇంట్లో చెప్పి చావొచ్చుగా? ఇంతమందిలో ఈ గోలేమిటి?"

"నేను చెబితే వింటారా అన్నయ్యా? దర్జీకి చదువుల సంగతి ఏం తెలుసంటారు. కిటికీ లోపలివాడు చెబితే వింటారు." తల గోక్కున్నాడు. "పైగా నిన్న నేనున్న గంటలో పదకొండు మంది సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. ఒక్కరు నోరు విప్పలేదు, మొహమాటం. నాకెలాగూ సిగ్గులేదు కదా. వరసలో నిలబడి అరిస్తే వాళ్ళకీ వినబడుతుందని."

వెనక్కి తిరిగి చూశాను. మా తర్వాత నిలబడినావిడ ఆసుపత్రి ఆయా దుస్తుల్లోనే వచ్చింది. సంతకానికి తీసిన కలానికి మూత పెట్టి, కిటికీలోకి వంగి, "ఇది కాక ఇంకా ఏమున్నాయండీ?" అంటోంది. ఆమె వెనకాయన, "అదేదో నాకూ చెప్పండి," అంటున్నాడు. గుమాస్తా మంచినీళ్ళు తాగుతున్నాడు.

మా మనవరాలు సంచిలోంచి ఆ పల్చటి ఉత్తరం తీసింది. "తాతయ్యా, ఇందులో అప్పు లేదు. నాలుగేళ్ళూ నలభై శాతం ఇస్తారు. చిన్నతాతయ్య అక్కడ కూడా వాళ్ళ ప్రాణం తీసి వచ్చాడు. ఇంటి నుంచి బస్సులో వెళ్ళొస్తాను. నాన్న వ్యాను నాన్నకే ఉంటుంది."

ముప్ఫై రెండేళ్ళు ప్రతి బస్తా విప్పి చూసినవాణ్ణి, ఒక్క ఉత్తరాన్ని పైపైనే చదివి సంతకం పెట్టబోయాను. ఈ ముక్క మాత్రం ఆ ఇద్దరికీ చెప్పలేదు.

ఆదివారం కొనేవాడు వచ్చి ఉత్త చేతులతో వెళ్ళాడు. వీధిలో అందరూ పెద్ద కాలేజీ ఏమైందని అడిగారు. నేను గొంతు సవరించుకుని, రెండు చోట్లా లోతుగా విచారించి, లెక్కలు కట్టి, చిన్నదే మేలని తేల్చానని చెప్పాను. చెప్పాక చూద్దును కదా, నా పక్కనే మా తోడల్లుడు.

"నిజమేనండీ," అన్నాడు వాళ్ళతో, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా. "అన్నయ్య అన్నీ కనుక్కుంటేగానీ దేనికీ ఒప్పుకోరు. నేనే, ఎందుకండీ ఇన్ని ప్రశ్నలని విసుక్కున్నాను."