మళ్లీ మొలుస్తుందని అమ్మకు చెప్పింది నేనే

ఆదివారంలోగా ఒక నిర్ణయం తీసుకోవాలి. హాస్టల్లోగానీ ల్యాబులోగానీ అడిగేంత దగ్గరివాళ్లు నాకెవరూ లేరు. అందుకే ఆబిడ్స్ నెట్ సెంటర్లో కూర్చుని, మన పరిశోధక విద్యార్థుల ఈమెయిల్ గ్రూపులో మీకు రాస్తున్నాను.

సాయంత్రం నాంపల్లిలో ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేశాను. నాకు పీహెచ్‌డీ సీటొస్తే యాదగిరిగుట్టలో నా తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుందట. ఈ ఆదివారమే వెళ్లాలట. సోమవారం నా మొదటి సెమినార్. వెంట్రుక కుదుళ్లలో నిద్రపోయే మూలకణాలను ఏ ప్రోటీన్ల సంకేతాలు లేపుతాయన్నదే నా అంశం.

"మూడు కత్తెర్లిస్తే చాలదా అమ్మా?" అన్నాను.

"గుండే మొక్కిన బిడ్డా. ఎందుకు ఫికర్? కుదుట్ల పండుకున్నదాన్ని ఏదో వచ్చి లేపుతదని నువ్వే చెప్తివి గదా. గదే లేపుతది తియ్!"

మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేనే. నా చదువు గురించి చెబితే అందరూ ఊఁ కొట్టి ఊరుకుంటారు. అమ్మ మాత్రం విన్నదని ఈ రోజే తెలిసింది. విన్నది పోయి పోయి నా జుట్టు మీదికే తెచ్చింది. వద్దనడానికి మాత్రం నాకు మనసు రాలేదు.

గుండుతో సెమినార్ చెప్పిన అమ్మాయిలు మీలో ఉన్నారా? మొదటి పది నిమిషాలు ఎలా గడిచాయో శనివారం సాయంత్రంలోగా రాయండి.